మిర్చి సీజన్‌కు ముందు డైరెక్టరీల్లో వెబ్‌సైట్ చేర్చేవారికి జాగ్రత్తలు

సంక్రాంతి దాటితే గుంటూరు యార్డుకు కొత్త మిర్చి రాక పెరుగుతుంది. ఆలోపే వెబ్‌సైట్ తెరిచి నలుగురికీ కనిపించాలని ఎగుమతిదారులు, కారం పొడి అమ్మేవారు తొందరపడతారు. ఆ తొందర కనిపెట్టే ఫోన్లు మొదలవుతాయి: "మీ సైటును ఐదు వందల డైరెక్టరీల్లో చేరుస్తాం, వారంలో గూగుల్ మొదటి పేజీలో ఉంటారు." డైరెక్టరీ అంటే వెబ్‌సైట్లను, దుకాణాలను వర్గాలవారీగా చూపే ఆన్‌లైన్ జాబితా. ఎంత చౌకగా చెప్పినా ఒప్పుకోకండి.

ఒకప్పుడు డైరెక్టరీలో చోటు దక్కడం గౌరవమే. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీలో, 1998లో వచ్చిన డీమాజ్‌లో మనుషులే సైటును చూసి, ఏ వర్గానికి చెందుతుందో నిర్ణయించేవారు. మొదటిది 2014లో, రెండోది 2017లో మూతపడ్డాయి. ఈలోగా, ఎక్కువ చోట్ల నుంచి లింకులుంటే గూగుల్‌లో పైకి వస్తామనే ఆశను సొమ్ము చేసుకుంటూ, లింకులు అంటగట్టడానికే పనిగట్టుకుని ఎన్నో డైరెక్టరీలు పుట్టుకొచ్చాయి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు తెచ్చాక అలాంటి లింకులను నమ్ముకున్న సైట్లు ఫలితాల్లో వెనక్కి పోయాయి. నాసిరకం డైరెక్టరీ లింకులను గూగుల్ ఇప్పటికీ స్పామ్ కిందే లెక్కిస్తుంది.

కాబట్టి చేర్చే ముందు ఆ డైరెక్టరీని మీరే తెరిచి చూడండి. మిర్చి పక్కన జూదం, అప్పుల ప్రకటనలు ఉంటే వెంటనే మూసేయండి. బదులుగా వారి లింకు మీ సైటులో పెట్టమంటే అదీ వద్దు. కొనేవారు నిజంగా వెతికే చోట్లు నాలుగైదు చాలు: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, జస్ట్‌డయల్, ఇండియామార్ట్ వంటివి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ చిరునామా మీద పెట్టండి. గుంటూరులో బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనకు తెలుసు. బయటివారు దాన్ని ఇంటి నంబరు అనుకుంటారు. అందుకే విడదీసి పూర్తిగా రాయండి. బ్రాడీపేట, అరండల్‌పేట పేర్లను ఇంగ్లిష్‌లో తలా ఒక రకంగా రాస్తారు. ఒక రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి. విజయవాడ వారికి ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ నుంచి నగరం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది కానీ, పాత నమోదుల్లో కృష్ణా జిల్లా అనే ఉండిపోయి ఉండవచ్చు. వెతికి సరిచేయించండి. దుకాణం పేరు, చిరునామా, ఫోను నంబరు ఒకసారి తప్పుల్లేకుండా రాసి పెట్టుకుని, ప్రతిచోటా అక్కడి నుంచే తీసుకోండి. ల్యాండ్‌లైన్ ఉంటే గుంటూరుకు 0863, విజయవాడకు 0866 కోడ్ మరవకండి.

ఖాతా మీ ఈమెయిల్‌తోనే తెరవండి. మా బాబాయి కారం మిల్లు వివరాలను సైటు చేసిపెట్టిన కుర్రవాడు తన ఈమెయిల్‌తో నమోదు చేశాడు. తర్వాత అతను ఊరు మారాడు, బాబాయి నంబరూ మారింది. సీజన్ అంతా గిరాకీ ఫోన్లు పాత నంబరుకే వెళ్లాయి. సరిచేద్దామంటే సంకేతపదం ఎవరి దగ్గరా లేదు. ఆ ఏడాది బాబాయి పడిన బాధ చూశాక, ఈ ఒక్క విషయం ఎవరు అడిగినా అడగకపోయినా చెబుతున్నాను.

నమోదయ్యాక మరో రకం ఫోన్లు రావచ్చు. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, రుసుము కట్టకపోతే మీ దుకాణం తీసేస్తాం" అంటారు. బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. డబ్బు తీసుకునే డైరెక్టరీలో చేరితే, ఏటా దానంతట అదే రుసుము కోసుకునే షరతు ఉందేమో ముందే చదవండి.

ఎక్కడెక్కడ, ఏ తేదీన చేర్చారో ఖాతా పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించి రాయండి. సరుకు రాక మొదలయ్యే ముందు ఒక సాయంత్రం కూర్చుని, ఇంట్లోవారి ఫోను నుంచి ఆ ప్రతి నమోదునూ తెరిచి, అందులో ఉన్న నంబరుకు కాల్ చేసి చూడండి. మోగాల్సింది మీ గల్లాపెట్టె పక్కనున్న ఫోనే.