క్రెడిట్ కార్డు పాయింట్లతో ప్రయాణం: ఇంటి ఖర్చుల నుంచి టికెట్ దాకా ఎలా చేరాలి?

కార్డు ప్రకటనలో కనిపించేది పాయింట్ల సంఖ్య. మనం పట్టుకోవాల్సింది ఒక్కో పాయింటుకు చేతికి ఎన్ని పైసలు వస్తాయన్నది. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా కార్డు పాయింటుతో ఆ బ్యాంకు స్మార్ట్‌బై పోర్టల్లో విమాన టికెట్టో హోటల్ గదో తీసుకుంటే దాని విలువ ₹1. అదే పాయింటును బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలే. అదే బ్యాంకు రెగాలియా గోల్డ్‌లో ఈ విలువలు 50 పైసలు, 20 పైసలు. అంటే 10,000 పాయింట్లు ఒకరికి పది వేల రూపాయలు, ఇంకొకరికి రెండు వేలు. కూడబెట్టడం కంటే ఎక్కడ వాడుతున్నామన్నదే ఎక్కువ ముఖ్యం. ఈ కథనమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఒక షరతు మాత్రం మొదటే చెప్పాలి. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టగలిగే వారికే ఇది పనికొస్తుంది. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. ₹40,000 బిల్లులో ₹2,000 మాత్రమే కట్టి మిగతాది వదిలేశారనుకోండి. ₹38,000 మీద 3.75 శాతం చొప్పున నెలకు ₹1,425, జీఎస్టీతో కలిపి ₹1,681. ఆ ₹40,000 ఖర్చుకు వందకు 2 పాయింట్ల చొప్పున వచ్చినవి 800. పాయింటుకు రూపాయి వచ్చినా సగం కూడా పూడదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బాకీ ఉన్నవారు ముందు అది తీర్చుకుని, తర్వాత ఇటు రండి.

1. ముందు ప్రయాణం, తర్వాత కార్డు

రాబోయే ఏడాదిన్నరలో ఎక్కడికి వెళ్తారో రాసుకోండి. కార్డు ఎంపిక దాన్నిబట్టే ఉండాలి.

ఏటా సంక్రాంతికి, వేసవికి రైల్లో ఊరెళ్లే కుటుంబానికి విమాన మైళ్ల (విమాన సంస్థలిచ్చే పాయింట్ల) కార్డు దండగ. వారికి ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డు వంటిది నయం. ఐఆర్‌సీటీసీలో ఏసీ టికెట్లు బుక్ చేస్తే 10 శాతం దాకా పాయింట్లుగా వెనక్కి వస్తాయి, ఒక పాయింటు ఒక రూపాయి, మళ్లీ టికెట్లకే వాడుకోవచ్చు. హైదరాబాద్ నుంచి విశాఖకో తిరుపతికో విమానంలో వెళ్లేవారికి బ్యాంకు సొంత పోర్టల్లో మంచి విలువ ఇచ్చే కార్డు చాలు. పిల్లలు విదేశాల్లో ఉండి రెండేళ్లకోసారి వెళ్లొచ్చే తల్లిదండ్రులకైతే పాయింట్లను విమాన సంస్థలకు మార్చుకునే వీలున్న కార్డు కావాలి.

2. ఇంటి ఖర్చును మూడు కుప్పలు చేయండి

గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ప్రతి ఖర్చునూ విడదీయండి. పాయింట్లు కచ్చితంగా వచ్చేవి: సూపర్‌మార్కెట్ కిరాణా, బట్టలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, హోటల్ భోజనం, ప్రయాణ టికెట్లు. కార్డునుబట్టి వచ్చేవి, లేదా తక్కువగా వచ్చేవి: కరెంటు, గ్యాస్, ఫోన్ బిల్లులు, బీమా ప్రీమియం, స్కూలు ఫీజులు, నగలు. చాలా కార్డుల్లో రానివి: ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, పెట్రోలు, ఏటీఎంలో నగదు తీయడం, ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు, ప్రభుత్వానికి కట్టే పన్నులు.

ఉదాహరణకు ఒక కుటుంబం నెలకు కిరాణాకు ₹10,000, ఆన్‌లైన్ కొనుగోళ్లకు ₹6,000, బయటి భోజనానికి ₹4,000, అద్దెకు ₹18,000, పెట్రోలుకు ₹4,000, బిల్లులకు ₹5,000 ఖర్చు పెడుతోందనుకుందాం. మొత్తం ₹47,000. పాయింట్లు నమ్మకంగా వచ్చేది మాత్రం ₹20,000 మీదే, ఏడాదికి ₹2,40,000. చాలామంది ₹47,000తో లెక్కలేసుకుని కార్డు తీసుకుంటారు, తర్వాత పాయింట్లు తక్కువ పడ్డాయని కస్టమర్ కేర్‌తో వాదిస్తారు.

3. ఫీజుతో సరిపోల్చండి

పై కుటుంబమే వందకు 2 పాయింట్లిచ్చే కార్డు తీసుకుంటే ఏడాదికి 4,800 పాయింట్లు. పాయింటు రూపాయి అయితే ₹4,800. వార్షిక ఫీజు ₹5,000 అయితే జీఎస్టీతో ₹5,900 కట్టాలి. ఏడాదికి ₹1,100 నష్టం. అదే కార్డుకు ఫీజు ₹500 అయితే కట్టేది ₹590, మిగిలేది ₹4,210. పాయింటును 30 పైసలకే వదులుకుంటే మొత్తం వచ్చేది ₹1,440.

చేరినప్పుడిచ్చే బోనస్ పాయింట్లను ఈ లెక్కలోకి తీసుకోకండి. అవి మొదటి ఏడాదికే. ఫలానా మొత్తం ఖర్చు పెడితే ఫీజు మాఫీ అనే షరతు ఉంటే, ఆ ఖర్చులో అద్దె, పెట్రోలు కలుపుతారో లేదో నిబంధనల పత్రంలో చూడండి. ఇంకో సంగతి: కార్డు ఏడాది జనవరితోనో ఏప్రిల్‌తోనో మొదలుకాదు, కార్డు ఇచ్చిన నెల నుంచి లెక్క. బీమా ప్రీమియం, స్కూలు ఫీజు లాంటి పెద్ద చెల్లింపులు మీ కార్డు ఏడాది ముగియకముందే పడేలా చూసుకుంటే మైలురాయి బోనస్ (ఏడాదిలో ఫలానా మొత్తం ఖర్చు దాటితే ఇచ్చే అదనపు పాయింట్లు) అందుతుంది. బోనస్ కోసం అక్కర్లేనివి కొంటే మాత్రం అసలుకే మోసం.

4. చెల్లించేటప్పుడు

పాయింట్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

మొదటిది, స్లాబు. కొన్ని కార్డులు ₹100కి, కొన్ని ₹150కి లేదా ₹200కి లెక్కిస్తాయి. ₹150 స్లాబు ఉన్న కార్డులో ₹140 కొనుగోలుకు సున్నా, ₹290కి ఒక్క స్లాబు పాయింట్లే. పాలు, కూరగాయల్లాంటి చిన్న కొనుగోళ్లు విడివిడిగా చేయడం కంటే, కుదిరినవి వారానికోసారి కలిపి ఒకే బిల్లుగా కట్టడం మేలు.

రెండోది, దుకాణం కోడు. ప్రతి వ్యాపారికీ కార్డు వ్యవస్థలో నాలుగంకెల కోడు ఉంటుంది. సూపర్‌మార్కెట్‌కు 5411, రెస్టారెంటుకు 5812, పెట్రోలు బంకుకు 5541, అద్దెకు 6513, వాలెట్‌కు 6540. పాయింట్లు ఇవ్వాలా వద్దా అని బ్యాంకు చూసేది మీరు కొన్న వస్తువును కాదు, ఈ కోడునే. అందుకే ఒకే స్కూలు ఫీజును స్కూలు వెబ్‌సైట్లో కడితే ఒకలా, మధ్యలో ఏదో యాప్ ద్వారా కడితే మరోలా లెక్కలోకి వస్తుంది. పెద్ద మొత్తం కట్టే ముందు అదే చోట స్లాబుకు సరిపడా చిన్న చెల్లింపు చేసి, పాయింట్లు పడ్డాయో లేదో తర్వాతి స్టేట్‌మెంటులో చూసుకోండి.

మూడోది, యూపీఐ. రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు జోడిస్తే వీధి చివర కిరాణా కొట్టులోనూ, టిఫిన్ సెంటర్లోనూ క్యూఆర్ స్కాన్ చేసి కట్టొచ్చు. అయితే ఆ క్యూఆర్ వ్యాపార ఖాతాది కావాలి. యజమాని సొంత ఖాతా క్యూఆర్ పెట్టి ఉంటే చెల్లింపు వెళ్లదు. యూపీఐ ఖర్చుపై పాయింట్లకు నెలవారీ పరిమితి పెట్టే బ్యాంకులు చాలా ఉన్నాయి. అది దాటాక పాత పద్ధతిలో బ్యాంకు ఖాతా నుంచే కట్టండి.

నాలుగోది, అదనపు రుసుములు. నగల దుకాణాల్లో కార్డుకు 1-2 శాతం అదనం అడగడం మామూలే. మీ పాయింట్ల విలువ ఒకటిన్నర శాతమైతే ఆ లావాదేవీలో మిగిలేదేమీ ఉండదు. బిల్లు వేయకముందే అడగండి. అద్దె విషయంలో 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెల్లింపు సంస్థల నిబంధనలు బిగించాక పెద్ద యాప్‌లు ఆ సేవనే ఆపేశాయి. బంధువు ఖాతాకు ‘అద్దె’ పంపి వెనక్కి తీసుకునే ఉపాయాల జోలికి పోకండి. బ్యాంకు కనిపెడితే పాయింట్లతోపాటు కార్డూ పోతుంది.

స్నేహితుల ఖర్చులు, బంధువుల పెళ్లి కొనుగోళ్లు మీ కార్డు మీద చేసి డబ్బు తీసుకోవడం మనవాళ్లలో ఎక్కువ. ఏడాదిలో మీరు కట్టిన కార్డు బిల్లులు ₹10 లక్షలు చేరితే, నగదుగా కట్టినవి ₹1 లక్ష చేరితే, బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. మీ ఆదాయానికీ ఆ ఖర్చుకూ పొంతన లేకపోతే వివరణ ఇవ్వాల్సింది మీరే.

5. బిల్లు కట్టేటప్పుడు

స్టేట్‌మెంటు వచ్చిన రోజే ఆటో డెబిట్‌లో ‘మొత్తం బకాయి’ ఎంచుకున్నారో ‘కనీస మొత్తం’ ఎంచుకున్నారో సరిచూడండి. కనీస మొత్తమే ఎంపికై ఉండి, అంతా కట్టేశామనుకునేవారు తక్కువేం కాదు. జీతం పడే తేదీకీ గడువు తేదీకీ పొసగకపోతే బిల్లింగ్ తేదీని కనీసం ఒకసారి మార్చుకునే హక్కు రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది.

6. పాయింట్లు వాడటం

రెండు దారులున్నాయి: బ్యాంకు పోర్టల్, విమాన సంస్థకో హోటల్ గ్రూపుకో బదిలీ.

పోర్టల్‌లో బుక్ చేసే ముందు అదే విమానం ధర ఆ సంస్థ సొంత వెబ్‌సైట్లో చూడండి. అక్కడ ₹5,400 ఉన్న టికెట్ పోర్టల్లో ₹5,900 ఉంటే, పాయింటుకు రూపాయి అని చెప్పినా నిజంగా వచ్చేది 91 పైసలే. చాలా బ్యాంకులు ప్రతి రిడెంప్షన్‌కూ, అంటే పాయింట్లు వాడుకున్న ప్రతిసారీ, ₹99, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి. కాబట్టి ఐదొందలకు, వెయ్యికి విడివిడిగా వాడకండి. మొత్తం టికెట్ పాయింట్లతో రాకపోవచ్చు కూడా. ఇన్ఫినియాలో టికెట్ ధరలో 70 శాతమే పాయింట్లతో, మిగతాది కార్డుతో కట్టాలి.

బదిలీ దారిలో విలువ ఎక్కువగా రావచ్చు, పొరపాటుకు మాత్రం దిద్దుబాటు లేదు. ఒకసారి వెళ్లిన పాయింట్లు బ్యాంకుకు తిరిగి రావు. అందుకని ఈ వరుసలోనే చేయండి. ముందుగా విమాన సంస్థ సభ్యత్వం తీసుకోండి. ఆ ఖాతాలోకి వెళ్లి మీ తేదీకి మైళ్లతో ఇచ్చే సీటు ఉందో లేదో చూడండి. మామూలు సీట్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన మైళ్ల సీట్లు ఉన్నట్టు కాదు. పండగలు, వేసవి సెలవుల్లో ఇవి ముందే అయిపోతాయి. సీటు కనిపించాక ఈ లెక్క వేయండి: టికెట్ నగదు ధరలోంచి మైళ్ల టికెట్‌పై కట్టాల్సిన పన్నులు తీసేసి, మిగిలినదాన్ని ఖర్చయ్యే బ్యాంకు పాయింట్లతో భాగించాలి. ధర ₹7,200, మైళ్ల టికెట్‌కు 6,000 మైళ్లు, ₹1,200 పన్నులు అయితే మైలుకు రూపాయి వచ్చినట్టు. కానీ మీ బ్యాంకు రెండు పాయింట్లకు ఒక మైలు ఇస్తే ఖర్చయ్యేది 12,000 పాయింట్లు, పాయింటుకు 50 పైసలే. పోర్టల్లో రూపాయి వస్తుంటే ఈ బదిలీ అనవసరం.

బదిలీ కొన్ని సంస్థలకు నిమిషాల్లో, కొన్నింటికి రోజుల్లో అవుతుంది. ఈలోపు సీటు పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే తేదీల్లో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరుపుకోగలిగినవారికే ఈ దారి అనువు.

తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది పేరు దగ్గర. కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, విమాన సంస్థ ఖాతాలో ముందు వెనకలుగా ఉండటం మనకు సాధారణం. పేర్లు కలవకపోతే బదిలీ ఆగిపోతుంది. సభ్యత్వం తీసుకునేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు నింపండి, కార్డు మీద పేరు దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఇంట్లోవారికి టికెట్ తీయాలంటే సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ ఖాతాలో వారిని ముందుగా నామినీలుగా చేర్చాలి, ఐదుగురికి వీలుంటుంది. ఈ మైళ్లకు మూడేళ్ల గడువు కూడా ఉంది. అవసరం లేకుండా ముందే బదిలీ చేసి పెట్టుకుంటే ఆ గడియారం అప్పటి నుంచే తిరుగుతుంది.

విలువ స్థిరంగా ఉండాలనుకునేవారికి అకార్ హోటళ్ల పాయింట్లు బాగుంటాయి. 2,000 అకార్ పాయింట్లకు బిల్లులో 40 యూరోలు తగ్గుతాయి. యూరో ₹100 అనుకుంటే ₹4,000. శంషాబాద్, విజయవాడ, విశాఖల్లోని నోవోటెల్‌లు ఈ గ్రూపువే. గదిని అకార్ యాప్‌లోనో వెబ్‌సైట్లోనో బుక్ చేయాలి. వేరే బుకింగ్ సైట్ల ద్వారా తీసుకున్న గదికి ఈ పాయింట్లు చెల్లవు.

7. విదేశాల్లో గీకేముందు

చాలా కార్డులకు విదేశీ కొనుగోలుపై 3.5 శాతం రుసుము, దానిమీద జీఎస్టీతో 4.13 శాతం పడుతుంది. లక్ష ఖర్చుపై ₹4,130 పోయి, 2,000 పాయింట్లు వస్తే ప్రయోజనం లేదు. ఈ రుసుము లేని కార్డు ఒకటి విడిగా ఉంచుకోండి. అక్కడి దుకాణంలో మెషిన్ ‘రూపాయల్లో కట్టాలా’ అని అడిగితే వద్దనండి, స్థానిక కరెన్సీయే ఎంచుకోండి. రూపాయల్లో చూపే మారకం ధరలో వారి లాభం కలిసి ఉంటుంది.

8. గడువు, రద్దు, ముగింపు

బ్యాంకు పాయింట్లకు సాధారణంగా రెండు మూడేళ్ల గడువు ఉంటుంది. ఎప్పుడు ఎన్ని పోతాయో యాప్‌లో కనిపిస్తుంది, మూడు నెలలకోసారి చూడండి. బ్యాంకులు పాయింట్ల విలువ తగ్గించడం తరచూ జరిగేదే కనుక, ఒక టికెట్‌కు సరిపడా అవగానే వాడేయడం మంచిది. టికెట్ రద్దయి డబ్బు వాపసు వస్తే దానిపై పడిన పాయింట్లూ వెనక్కి పోతాయి. ఆలోపే వాడేసి ఉంటే ఖాతా మైనస్‌లోకి వెళ్తుంది.

కార్డు మూసేయాలనుకుంటే ముందు పాయింట్లన్నీ వాడి, ఆటో డెబిట్‌లు వేరే కార్డుకు మార్చి, బకాయి సున్నా చేసి, తర్వాతే అభ్యర్థన పెట్టండి. మూసేశాక మిగిలిన పాయింట్లు రావు. అభ్యర్థన అందిన ఏడు పని దినాల్లో బ్యాంకు కార్డును మూసేయాలి. అంతకు మించి జాగు చేస్తే మూసేదాకా రోజుకు ₹500 చొప్పున మీకే చెల్లించాలి. అందుకే అభ్యర్థన ఫోన్లో చెప్పి ఊరుకోకుండా, ఈమెయిల్‌లోనో యాప్‌లోనో పెట్టి తేదీ, సర్వీసు నంబరు దాచుకోండి.