మొక్కల లక్షణాలు చదవడం – 4వ పాఠం: కదలని సగటు

పోయిన పాఠంలో ఒక చదరపు మీటరు చట్రం వేసి, అందులో ఏ మొక్క ఎంత నేలను కప్పిందో కంటితో అంచనా కట్టాం. ఇవాళ ఆ శాతాలకు ఆకుల కొలతలు జోడిద్దాం. పైనున్న చెట్లు కొట్టేశాక నీడ పోయి ఎండ పడిన చోట, కింది మొక్కల సముదాయం ఎలా మారిందో లెక్క తేలుద్దాం. లెక్కలో ఉన్నది గుణకారం, కూడిక, అంతే. చిక్కంతా వచ్చిన జవాబును నమ్మడంలోనే.

ముందు ఆకు. మనకు కావలసింది విశిష్ట పత్ర వైశాల్యం, అంటే ఆకు వైశాల్యాన్ని దాని ఎండు బరువుతో భాగిస్తే వచ్చేది. పూర్తిగా విచ్చుకుని ఇంకా ముదరని, పురుగు కొట్టని ఆకు కోయండి. తడి కాగితంలో చుట్టి సంచిలో పెడితే వాడదు. తొడిమతో సహా స్కానర్ మీద పరిచి వైశాల్యం తీయండి. తర్వాత 70 డిగ్రీల ఓవెన్‌లో 3 రోజులు ఎండబెట్టి తూచండి. ఉదాహరణకు 24 చదరపు సెంటీమీటర్ల ఆకు ఎండాక 0.12 గ్రాములు తూగిందనుకుందాం. 2400 చదరపు మిల్లీమీటర్లను 120 మిల్లీగ్రాములతో భాగిస్తే 20. కిలోకు ఇన్ని చదరపు మీటర్లు అని చెప్పినా అదే అంకె.

ఓవెన్‌లోంచి తీసిన వెంటనే తూచాలి. ఒకసారి నేను ‘రేపు చూద్దాంలే’ అని ఎండిన ఆకులను బల్ల మీదే వదిలేశాను. రాత్రికి రాత్రి గాలిలో తేమ పీల్చుకుని అన్నీ బరువెక్కాయి. కొన్ని రోజుల పని వృథా.

ఆ 20 ఏం చెబుతుంది? అంకె పెద్దదైతే ఆకు పలచన: తక్కువ పెట్టుబడి, తొందర రాబడి, తొందరగా రాలిపోవడం. చిన్నదైతే ఆకు దళసరి లేదా గట్టి. ఖర్చెక్కువ, ఆయుష్షూ ఎక్కువే. 2004లో ఇయన్ రైట్ బృందం 175 చోట్ల 2,548 జాతుల ఆకులను పోల్చి, ఈ బేరం ప్రపంచమంతటా ఇంచుమించు ఒకే తీరున నడుస్తోందని చూపింది.

ఇక లెక్క. అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవి. నీడ ఉన్నప్పుడు పొద 60 శాతం, గడ్డి 30, ఏడాదిలో బతుకు ముగించే చిన్న మొక్క 10. వాటి ఆకుల విలువలు వరుసగా 15, 20, 30. ఒక్కో విలువను దాని వాటాతో గుణించి కూడండి: 9 + 6 + 3 = 18. ఇదే సముదాయపు భారిత సగటు.

చెట్లు పోయాక పొద 20 శాతానికి పడింది, గడ్డి 30 దగ్గరే ఉంది, చిన్న మొక్క 50కి ఎగబాకింది. ఆకులు మళ్లీ కోసి కొలిస్తే 10, 15, 24. సగటు 2 + 4.5 + 12 = 18.5.

అర అంకె తేడా. ‘సముదాయం చలించలేదు’ అని రాసేయబోతాం. కానీ చట్రంలోకి చూస్తే పొద మూడో వంతుకు తగ్గింది! అందుకే మధ్యలో ఇంకో సగటు కట్టాలి: కొత్త వాటాలు, పాత ఆకు విలువలు. 3 + 6 + 15 = 24.

ఇప్పుడు విడదీయండి. 18 నుంచి 24కి, అంటే 6 పెరుగుదల, మొక్కల వాటాలు మారడం వల్ల వచ్చింది. త్వరగా పెరిగే పలచటి ఆకుల మొక్క చోటు దక్కించుకుంది. 24 నుంచి 18.5కి, అంటే 5.5 తగ్గుదల, అదే జాతి తన ఆకును మార్చుకోవడం వల్ల. ఎండ తగిలాక ప్రతి మొక్కా మందమైన ఆకు వేసింది. రెండు బలాలు ఎదురెదురుగా లాగితే తాడు కదల్లేదు.

అందుకే ఆకులు తాము కొలవకుండా, ఇతరులు కొలిచి డేటాబేసులో ఉంచిన ఒకే విలువను ముందుకూ తర్వాతకూ వాడేవాళ్ల లెక్క చూస్తే నాకు అనుమానం. అది చూపేది మొదటి బలాన్నే.

ఒక మాట: నిప్పు పడిన చోట ఈ అంకె పెద్దగా సాయపడదు. అక్కడ ఆకు కన్నా మొగ్గ ఎక్కడ దాగిందో ముఖ్యం. మట్టిలో ఉంటే మళ్లీ చిగురిస్తుంది, కొమ్మ చివర ఉంటే కాలిపోతుంది. మొగ్గ ఉండే ఎత్తును బట్టి మొక్కలను వర్గీకరించిన డెన్మార్క్ శాస్త్రవేత్త రౌంకియేర్ పద్ధతిని 5వ పాఠంలో చూద్దాం.

ఈలోగా ఇది చేయండి. రెండు జాతులు, వాటాలు 70, 30. కరువు ఏడాదిలో వాటాలు అలాగే ఉన్నాయి. ఆకు విలువలు మాత్రం 12 నుంచి 9కి, 25 నుంచి 20కి దిగాయి. మూడు సగటులూ కట్టండి. పాత విలువలతోనే సరిపెట్టుకున్నవాడికి ఎంత మార్పు కనబడుతుంది?