మూలకణ మార్పిడి తర్వాత నోటిని కాపాడుకోవడం ఎలా?

బోన్‌మ్యారో (మూలకణ) మార్పిడి చేయించుకున్నవాళ్లలో చాలామంది ముందు చెప్పేది నోటిపూత బాధే. గుక్కెడు నీళ్లు మింగాలన్నా ప్రాణం పోయినంత పనవుతుంది. మూలకణాలు ఎక్కించేముందు ఇచ్చే ఘాటైన కీమో నోటి లోపలి పొరను దెబ్బతీయడం వల్లే ఇలా అవుతుంది.

జాగ్రత్తలు ఆసుపత్రిలో చేరకముందే మొదలుపెట్టాలి. పళ్ల డాక్టరుకు చూపించుకోండి. పన్ను పీకాల్సివస్తే, గాయం మానడానికి కీమోకు ముందు 10 నుంచి 14 రోజులైనా చేతిలో ఉండాలి.

మెల్ఫలాన్ అనే కీమో మందు ఎక్కించే రోజున ఐస్ ముక్కలు అడగండి. మందు మొదలుపెట్టడానికి 5 నిమిషాల ముందు నుంచి, అది పూర్తయ్యాక మరో 30 నిమిషాల వరకు చప్పరిస్తూ ఉండాలి. చల్లదనానికి నోట్లో రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. ఖర్చు లేని ఈ ఉపాయం ఎంతో బాధను తప్పిస్తుంది, మొహమాటపడకండి.

పూత సాధారణంగా కీమో తర్వాత వారంలోపే మొదలై, రెండో వారంలో ముదిరి, తెల్లకణాలు పెరిగేకొద్దీ మానుతుంది. ఆ రోజుల్లో కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి, రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు. బ్రష్ చాలా మెత్తగా ఉండాలి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే నర్సుకు చెప్పండి.

అన్నం మెత్తగా ఉడికించి, పప్పుకట్టుతో గోరువెచ్చగా పెట్టండి. ఆవకాయ, పులుసు, వేపుళ్లు కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే. పెరుగు పెట్టవచ్చో లేదో డాక్టరును అడగండి. నొప్పిని పళ్లబిగువున భరించనక్కర్లేదు. మార్ఫిన్ దాకా మందులున్నాయి.

పక్కనుండి చూసుకునేవారు రోజూ టార్చి వేసి నోరు చూడాలి. పెరుగు తరకల్లాంటి తెల్లమచ్చలుంటే ఫంగస్ కావచ్చు, గుంపుగా పొక్కులుంటే హెర్పిస్ అనే వైరస్ కావచ్చు. అదే రోజు డాక్టరుకు చెప్పండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రైనా సరే ఆగకండి.

దాత కణాలు తీసుకున్నవారికి నెలల తర్వాత కూడా బుగ్గల లోపల తెల్లటి అల్లికలాంటి గీతలు, టూత్‌పేస్టుకే మంట, నోరు ఎండిపోవడం కనిపించవచ్చు. ఇది జీవీహెచ్‌డీ, అంటే దాత కణాలు రోగి శరీరం మీద దాడి చేయడం. డాక్టరు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ద్రావణం రాస్తే నాలుగైదు నిమిషాలు నోట్లో ఉంచి ఉమ్మేయాలి. పుదీనా ఘాటు లేని పేస్టు వాడండి. ఇలాంటివారికి నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. గుట్కా, ఖైనీ, చుట్ట ముట్టుకోకూడదు. ఆరు నెలలకోసారి నోరు చూపించుకోండి. రెండు వారాలైనా మానని పుండు ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించి మీరే అడగండి.