బెజవాడ కనకదుర్గమ్మ దర్శనానికి బయల్దేరే ముందు

ముందుగా ఏ రోజు వెళ్లాలో చూసుకోండి. శుక్ర, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. దసరాల్లో మూలా నక్షత్రం రోజు అమ్మవారికి సరస్వతీ అలంకారం. ఆ రోజు పసిపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లకపోవడమే మేలు. అమ్మ మిగతా రోజుల్లోనూ అక్కడే ఉంటుంది.

స్నానం: కృష్ణ ఒడ్డున ఘాట్ల మెట్లకు పాచి పడుతుంది. నీళ్లలో మునిగిన మెట్టు మీద మడమ ఆనించగానే జర్రున జారుతుంది. గొలుసు పట్టుకుని, కాలి వేళ్లతో తడిమి దిగండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి ఉంటే నదిలో దిగొద్దు, జల్లు స్నానం చాలు.

బట్టలు: పంచె లేదా ప్యాంటు, చీర, చున్నీతో చుడీదార్. షార్టులు వద్దు.

ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు. కింద కౌంటర్లో ఇచ్చి టోకెన్ జాగ్రత్త చేసుకోండి. అంతా ఒకే బ్యాగులో పెట్టి ఇస్తే, తప్పిపోయినవాళ్లు మీకు ఫోన్ చేసే దారి ఉండదు. కలుసుకునే చోటు ముందే అనుకోండి. పిల్లల జేబులో నంబరు రాసిన కాగితం పెట్టండి.

మెట్లెక్కేవాళ్లు ఎండ ముదరకముందే ఎక్కాలి, రాయి కాలితే పాదాలు బొబ్బలెక్కుతాయి. వానాకాలంలో ఘాట్ రోడ్డున కొండ అంచుకు ఆనుకుని నిలబడొద్దు: 2020 అక్టోబరులో, దసరా రోజుల్లోనే, ఇంద్రకీలాద్రి చరియలు విరిగిపడ్డాయి.

మధ్యాహ్నం నివేదనకు దర్శనం కాసేపు ఆపుతారు. షుగరున్నవాళ్లు ఏదైనా తిన్నాకే క్యూలోకి వెళ్లండి.