పేరు కుదిరింది సరే, ముందు రిజిస్ట్రేషనా, డొమైనా?

ఆత్రేయపురం దగ్గర మా పిన్ని పాతికేళ్లుగా పూతరేకులు చుడుతోంది. ఇన్నాళ్లూ అవి ఎవరెవరి పెట్టెల్లోకో వెళ్లిపోయేవి. పోయిన సంక్రాంతికి మాత్రం "ఇంక మన పేరు మీదే అమ్ముదాంరా" అని కూర్చుంది. వెంటనే ఇంకో ప్రశ్న: "ముందు కాగితాలా, ముందు ఆ డాట్ కామా?"

కాకినాడ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసేస్తాం చూడండి, డొమైన్ (అంటే మన వెబ్‌సైట్ చిరునామా) కొనడం అచ్చం అదే. సీటు ఆగుతుంది, కానీ కండక్టరుకి తువ్వాలు చూపిస్తే ఒప్పుకోడు, టికెట్ ఉండాలి. కాబట్టి రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవడం కాదు, ఏది ఏ రోజున అన్నదే తేల్చుకోవాలి.

మొదట పేరుని ఇంగ్లీషులో రాసి చూడండి

తెలుగులో మన పేరు ఒక్కటే, ఇంగ్లీషులోకి వెళ్తే నాలుగవుతుంది. పిన్ని పెళ్లి శుభలేఖ వెనకాల 'పూత' అని రాయమంటే నేను పి పక్కన రెండు ఓలు పెట్టాను, మా చెల్లి ఒక యు పెట్టింది, బాబాయి 'త' దగ్గర హెచ్ తీసేశాడు. ఫోన్లో ఒకసారి చెప్తే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకునే పేరు కావాలి. మేము చివరికి 'పూతరేకులు' అన్న మాటే పక్కనపెట్టి, మా అమ్మమ్మ ఇంటిపేరు పట్టుకున్నాం.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో తయారుచేసే వాళ్లందరిదీ, ఏ ఒక్కరూ దాన్ని తమ ట్రేడ్‌మార్క్‌గా, అంటే తమ ఒక్కరి సొంత బ్రాండ్ పేరుగా పట్టుకుపోలేరు.

ఆ సాయంత్రమే వెతకండి

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. అక్కడ సరుకుల్ని రకాల వారీగా క్లాసులుగా విడదీశారు, మిఠాయిలైతే 30వ క్లాసులో చూడాలి. అక్షరాలతో వెతికి ఊరుకోకుండా ఉచ్చారణతో వెతికే ఫోనెటిక్ సెర్చ్ కూడా చేయండి, ఎందుకంటే ఒక అక్షరం మార్చేశాం కదా అన్న ధీమా కోర్టులో పనికిరాదు. సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు తమ పేరులోని అక్షరాలు కలిపి 'సిఫీ' అని ఒక మాట తయారుచేసుకుని వాడుకుంటుంటే, ఇంకొకరు ఇంగ్లీషులో ఒక ఎఫ్ ఎక్కువేసి, వెనక 'నెట్' తగిలించి డొమైన్లు తీసుకున్నారు. 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్‌లాంటి రక్షణ ఉంటుందని చెప్పి, ముందునుంచీ వాడుతున్నవాళ్ల పక్షానే నిలిచింది.

ఇదొక్కటీ చూడకుండా డొమైన్ కొంటే, ఇంకొకరు కూర్చున్న సీట్లో తువ్వాలు వేసినట్టే.

ఎవరూ లేరా? ఆ రాత్రే డొమైన్ కొనేయండి

కాగితాలన్నీ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. డొమైన్ ముందు అడిగినవాడిది, ఖర్చు కూడా మామూలుగా మరీ ఎక్కువేం కాదు. డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ దొరికితే రెండూ తీసుకోండి, పది రకాలు అక్కర్లేదు. మొదటి ఏడాది చవకగా చూపించి రెన్యువల్‌కి రేటు పెంచుతారు, కాబట్టి రెండో ఏడాది ధర చూసి కొనండి.

అన్నిటికంటే ముఖ్యం, అకౌంట్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. నేను ఒకప్పుడు కడియం నర్సరీ మొక్కలు అమ్ముదామని సైట్ పెట్టించాను. తయారుచేసిన కుర్రాడు డొమైన్ తన మెయిల్ మీదే తీసుకున్నాడు, నేను పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి అతను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాడు, నంబరు మార్చాడు, డొమైన్ గడువు అయిపోయింది, ఇంకెవరో ఎగరేసుకుపోయారు. విజిటింగ్ కార్డులు మాత్రం ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

మర్నాటి నుంచి కాగితాలు

ఒక్కరే చేసే వ్యాపారానికి కంపెనీ పెట్టాల్సిన పని లేదు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది, డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. తినే వస్తువు ఏదైనా సరే, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరు లేకుండా అమ్మకం మొదలుపెట్టకూడదు, ఆ 14 అంకెలూ ప్యాకెట్ మీద ఉండాలి. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ట్రేడ్ లైసెన్సు సంగతి కూడా కనుక్కోండి. ఈ కాగితాలుంటే బ్యాంకులో వ్యాపారం పేరు మీద కరెంట్ అకౌంట్ తెరవడం తేలికవుతుంది.

అసలు చిక్కంతా జీఎస్టీ దగ్గర. మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) దాకా అక్కర్లేదని అందరూ చెప్తారు, అది రాష్ట్రం లోపల అమ్మినంతవరకే. వెబ్‌సైట్ పెట్టగానే మొదటి ఆర్డరు ఎక్కణ్నుంచి వస్తుంది? హైదరాబాద్ నుంచే! 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే, టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకే డొమైన్ ఈరోజే కొన్నా, సైట్‌లో 'ఆర్డర్ చేయండి' అనే బటన్ మాత్రం జీఎస్టీ నంబరు వచ్చాకే పెట్టండి.

ఇద్దరు కలిసి చేస్తుంటే పార్ట్‌నర్‌షిప్ రాసుకుని రిజిస్టర్ చేయించండి. తప్పనిసరి కాదు గానీ, చేయించకపోతే రేపు బాకీ ఎగ్గొట్టినవాడి మీద సంస్థ తరఫున కోర్టుకి వెళ్లలేరు. బావా బావమరుదులైనా సరే.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు

కంపెనీ పేరుకి అనుమతి వస్తే బ్రాండ్ మనదైపోయిందనుకుంటారు చాలామంది. కాదు, అది వేరు, ఇది వేరు. వ్యక్తులకీ, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. ఒకసారి రిజిస్టరైతే పదేళ్లు, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పెట్టిన రోజునుంచే పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు, సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే. మొదటి బిల్లు, మొదటి కొరియర్ రసీదు దాచుకోండి, ఎప్పటినుంచి వాడుతున్నారో చూపించమంటే అవే సాక్ష్యం.

పెట్టెలు ఆఖర్న

మా పిన్ని అన్నిటికంటే ముందు రాజమండ్రి వెళ్లి రంగురంగుల పెట్టెలు వేయించేద్దామంది, నేనే ఆపాను. పేరు, 14 అంకెలు, డొమైన్, ఈ మూడూ కుదిరాక మొదటి విడత ఐదొందలు చాలు. ప్రెస్‌వాళ్లు ఒక్క అక్షరం తప్పు వేసినా పోయేది ఆ ఐదొందలే.