గాయం మానాక లైట్ డ్యూటీలో చేరేటప్పుడు

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి, ఈఎస్‌ఐ వైద్యం పొంది తిరిగి పనిలో చేరబోయే కార్మికులు ముందుగా చూసుకోవలసింది ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో డాక్టరు ఏం రాశారన్నది. అందులో ‘లైట్ డ్యూటీ’ అన్న రెండు మాటలే ఉంటే, ఏది తేలిక పనో సూపర్‌వైజరు తనకు తోచినట్టు నిర్ణయిస్తాడు.

అందుకే డిస్పెన్సరీకి వెళ్లేముందు మీరు రోజూ చేసే పనిని ఒక కాగితం మీద వివరంగా రాసుకోండి. ఎంత బరువు ఎత్తుతారో, ఎంతసేపు నిలబడతారో, నిచ్చెన ఎక్కవలసి వస్తుందో లేదో, మెషీన్ అదురు చేతికి తగులుతుందో లేదో డాక్టరుకు తెలిస్తేనే, ‘నాలుగు వారాల వరకు ఐదు కిలోలు దాటి ఎత్తకూడదు, కుడిచేతిని భుజం పైకి లేపే పని ఇవ్వకూడదు’ అన్నంత స్పష్టంగా రాయగలుగుతారు. మళ్లీ పరీక్షకు ఎప్పుడు రావాలో కూడా రాయించుకోండి. డాక్టరు రాసిచ్చిన ఆ సర్టిఫికెట్‌ను ఒక అర్జీతో జతచేసి హెచ్‌ఆర్‌లో ఇచ్చి, మీ నకలు మీద సంతకం, తేదీ వేయించుకోవడం మరవకండి.

డబ్బు విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. గాయం వల్ల పని చేయలేని రోజులకు ఈఎస్‌ఐ సగటు దినవేతనంలో 90 శాతం చెల్లిస్తుంది కాని, జీతానికి పనిచేసిన రోజుకు ఆ భృతి రాదు. కాబట్టి తేలిక పనిలో మూల వేతనం, షిఫ్ట్ అలవెన్సు ఎంత వస్తాయో చేరకముందే అడిగి తెలుసుకోండి. మేనేజ్‌మెంట్ తొందరపెడుతోందని, గాయం పూర్తిగా మానకముందే, ఇక సెలవు అక్కర్లేదు, పనికి ఫిట్ అని చెప్పే ఫైనల్ సర్టిఫికెట్ అడగడం నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసే పని. వైద్యం ముగిశాక కూడా వేలు వంగకపోవడం వంటి లోపం మిగిలితే, శాశ్వత వైకల్య భృతి కోసం మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి.

ఆర్టీసీ వంటి ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకు మరో రక్షణ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదనీ, హోదా తగ్గించకూడదనీ, పాత పని చేయలేకపోతే అదే వేతన శ్రేణిలో వేరే పోస్టుకు మార్చాలనీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

చేరిన తర్వాత అసలు చిక్కు లైన్ మీద వస్తుంది. మనుషులు తక్కువైన షిఫ్టులో ‘ఈ ఒక్క పెట్టె అందుకో’ అని తోటివాడే అడుగుతాడు. మొహమాటపడకుండా కాగితం చూపించి, కుదరదని చెప్పండి. నొప్పి తిరగబెడితే ఆ రోజే డిస్పెన్సరీకి వెళ్లి, అది పాత గాయం చోటేనని రికార్డులో రాయించండి.