జత టాటూ వేయించుకునే ముందు మనిషిని చూసుకోండి

ఇద్దరం ఒకేలా టాటూ వేయించుకుందామా అని మనకి ఇష్టమైనవాళ్లు అడిగితే మనసు ఒక్కసారి ఉప్పొంగుతుంది. వెంటనే సరే అనేస్తాం, ఆ రాత్రే ఫోన్‌లో డిజైన్లు వెతకడం మొదలుపెడతాం. ఆ వెతుకులాట ఒక నెల ఆపండి. ముందు మనిషి సంగతి తేల్చుకోండి, బొమ్మ తర్వాత చూసుకోవచ్చు.

నా లెక్క ఒకటే. ఇద్దరి మధ్య ఇప్పటికే జరిగిపోయినదానికి గుర్తుగా వేయించుకోండి, జరగబోయేదానికి హామీగా మాత్రం వద్దు. ఒకే జబ్బు మంచం పక్కన వంతులు వేసుకుని రాత్రులు మేలుకున్నవాళ్లు, ఒకే కష్టాన్ని చెరో పక్కా పట్టుకుని మోసినవాళ్లు రేపు పోట్లాడుకున్నా ఆ రాత్రులు అబద్ధమైపోవు. "ఎప్పటికీ ఇలాగే ఉందాం" అని వేయించుకున్నది మాత్రం ఆ మాట తప్పిన రోజు నుంచి ఒంటి మీద బరువుగా మారుతుంది.

నేనూ మా అక్కా నాన్న పోయిన రెండేళ్లకి వేయించుకున్నాం. లెక్కల పుస్తకంలో సరిచూసిన ప్రతి వరుస పక్కన నాన్న ఒక టిక్కు పెట్టేవాడు, కొస కొంచెం పైకి వంగి ఉండేది, అదే మా ఇద్దరి మణికట్టు పైన ఉంది. ఆ తర్వాత ఆస్తి విషయంలో మాట పట్టింపు వచ్చి ఎనిమిది నెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని దాచుకోవాలనిపించలేదు, ఎందుకంటే అది మా సఖ్యతకి గుర్తు కాదు, నాన్నది. అంతకు చాలా ముందు, ఇరవై ఒకటో ఏట, ఒక స్నేహితురాలితో వేయించుకోబోయాను, చివరి రోజు తను వద్దంది, నేను చాలా బాధపడి రెండు వారాలు అలిగాను కూడా. ఇప్పుడు తను ఏ ఊళ్లో ఉందో కూడా నాకు తెలియదు. ఆ రోజు వద్దన్నందుకు తనకి మనసులోనే ఎన్నోసార్లు థాంక్స్ చెప్పుకున్నాను.

కాబట్టి ఒక పని చేయండి. ఆ మనిషి రేపు మీతో మాట్లాడటం మానేశారనుకోండి, ఆ గుర్తు ఏమిటని కొత్తవాళ్లెవరో అడిగారనుకోండి, ఏం చెబుతారో ఇప్పుడే పైకి అని చూడండి. మాట తడబడకుండా వస్తే పర్వాలేదు. "అప్పట్లో ఒకరు ఉండేవారు..." దగ్గర ఆగిపోతే ఇంకా టైమ్ తీసుకోండి. అలాగే మీ ఇద్దరి మధ్య ఒక్క గట్టి గొడవైనా జరిగిందా, జరిగాక ఇద్దరూ తిరిగి దగ్గరయ్యారా చూడండి. అసలు గొడవే పడనివాళ్లయితే ఒకరికొకరు ఇంకా పూర్తిగా తెలియదనే అర్థం.

అడిగిన సందర్భం కూడా ముఖ్యమే. పెద్ద గొడవై రాజీ పడిన వారంలో, అనుమానాలు నడుస్తున్నప్పుడు, "నా మీద ప్రేముంటే వేయించుకో" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. అది ప్రేమను రుజువు చేయమని అడగడం. మనిషి పోయిన కొత్తలో కూడా ఆగమనే చెబుతాను, దుఃఖంలో ప్రతి గుర్తూ సరైనదే అనిపిస్తుంది, ఏడాది గడిచాక ఏది నిలిచిందో తెలుస్తుంది. మందు తాగి ఉన్నప్పుడైతే అసలు మాటే వద్దు, పద్ధతి గల ఆర్టిస్టు ఆ స్థితిలో సూది పెట్టరు కూడా.

ఎదుటివాళ్లు "నీ ఇష్టం" అంటే అది సరే అన్నట్టు కాదు. ఉద్యోగం, ఇంట్లోవాళ్లు, నమ్మకాలు, చర్మం సమస్య, సూదంటే భయం, వాళ్ల కారణం ఏదైనా కావచ్చు, మీకు చెప్పలేకపోవచ్చు. నలుగురిలో అడగకుండా ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి, వద్దన్నా మన మధ్య ఏమీ మారదని ముందే చెప్పండి, నిజంగానే మారనివ్వకండి. వెళ్లిన రోజు కూడా జంకుతున్నవాళ్లనే ముందు కూర్చోమనండి. వాళ్లు కుర్చీలోంచి లేచి వచ్చేస్తే ఇద్దరూ తిరిగి వెళ్లిపోవచ్చు, ఒకరి ఒంటి మీదే జత బొమ్మ మిగిలిపోదు.

బొమ్మ విషయంలో నేను గట్టిగా చెప్పేది, చెరి సగం పంచుకోకండి. సగం గుండె, సగం వాక్యం లాంటివి రెండో మనిషి పక్కన ఉన్నప్పుడే అర్థమవుతాయి, రోజులో ఎక్కువ భాగం మనం ఒక్కళ్లమే ఉంటాం. ఎవరిది వాళ్ల దగ్గర పూర్తిగా ఉండాలి. పేర్లు కూడా వద్దు. ఖాయం చేసుకునే ముందు అదే గుర్తును అదే చోట రెండు వారాలు పెన్నుతో రోజూ వేసుకుని చూడండి, మూడో రోజుకే ఎవరు మానేశారో గమనించండి. దీనికి బ్లాక్ హెన్నా మాత్రం వాడకండి, అందులో తరచుగా కలిపే పీపీడీ అనే రసాయనం బొబ్బలు తెప్పించగలదు.

లేజర్‌తో తీసేయవచ్చులే అని ధీమా పడకండి. సిరా చర్మం లోపలి పొరలోకి వెళ్తుంది, అక్కడి రోగనిరోధక కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి, అవి చనిపోతే వాటి స్థానంలో వచ్చినవి పట్టుకుంటాయి, అందుకే అది ఏళ్ల తరబడి ఉంటుంది. తీయడానికి వారాల తేడాతో చాలా సిట్టింగులు పడతాయి, నలుపు కాస్త తేలిక, ఆకుపచ్చ, పసుపు లాంటివి మొండివి.

జతగా వెళ్లేవాళ్లు పొరపాటు చేసే చోటు ఇంకొకటుంది. ఒకే సూది, ఒకే సిరా అయితే బంధం గట్టిపడుతుందని కొందరు ముచ్చటపడతారు. తోబుట్టువులైనా భార్యాభర్తలైనా అది వద్దే వద్దు. హెపటైటిస్ బి, సి లాంటివి అలాగే పాకుతాయి, ఉన్న సంగతి ఉన్నవాళ్లకే తెలియకపోవచ్చు. ఒక్కొక్కరికీ సీలు విప్పిన కొత్త సూది, వేరే చిన్న కప్పులో పోసిన సిరా ఉండాలి. గాయాలు ఉబ్బెత్తు మచ్చలుగా మారే చర్మం, షుగర్, రక్తం పలచబడే మందులు, గర్భం ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. పైపైన మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఈత, ఎండ మానుకోవాలి.

వేయించుకోకముందే ఇద్దరూ మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. తర్వాత ఒకరు దాని మీద ఇంకో బొమ్మ వేయించుకుంటే రెండోవాళ్లకి ఓకేనా? దాని వెనక కథ ఎవరికైనా చెప్పొచ్చా? మూడో మనిషి అదే కావాలంటే? ఈ చివరిది మేం అనుకోలేదు. అక్క కూతురు ఈ మధ్య తనకీ ఆ టిక్కు కావాలంటోంది, తాతయ్యను చూసిన జ్ఞాపకం కూడా తనకి లేదు. మేమిద్దరం ఇంకా సరే అనలేదు, వద్దనీ అనలేదు. ప్రస్తుతానికి ఆ లెక్కల పుస్తకం తన చేతికిచ్చాం.